తుప్పుతో బొక్కపడిన ట్రాక్టర్ రిమ్ము: ఎం-సీలా, అతుకా, పాతదా, కొత్తదా?

వెనక చక్రం పంక్చర్ అయిందని టైరు విప్పిస్తాం. ట్యూబు బయటికి లాగాక పంక్చర్ షాపాయన రిమ్ములో చెయ్యి పెట్టి గుప్పెడు ఎర్రటి పెచ్చులు తీసి చూపిస్తాడు. "అన్నా, తప్పు ట్యూబుది కాదు, రిమ్ము పోయింది" అంటాడు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఒకరు ఎం-సీల్ పెట్టి నడిపించమంటారు. ఒకరు పట్టీ వేసి వెల్డింగ్ కొట్టించమంటారు. గుజిరీ అంగట్లో, అంటే పాత ఇనుము అంగట్లో, పాత రిమ్ము దొరుకుతుందని ఇంకొకరు. కొత్తది తప్ప ఏదీ పనికిరాదని స్పేర్ పార్టుల అంగడాయన. నలుగురి మాటా ఏదో ఒక సందర్భంలో నిజమే. మీది ఏ సందర్భమో తేల్చుకోవడానికి బొక్క సైజు కంటే ముందు అది ఎక్కడ పడిందో చూడాలి.

తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది

మన రాయలసీమ వైపు వెనక టైర్లలో నీళ్లు నింపడం మామూలే. కల్టివేటర్ వేసినప్పుడు చక్రం జారకుండా నేలను పట్టుకోవాలని నింపుతాం. వాల్వును పైకి పెట్టి వాల్వు ఎత్తు దాకా నీళ్లు పడితే టైరు సుమారు ముప్పావు నిండుతుంది. 13.6-28 సైజు టైరుకు అది వంద లీటర్లు దాటుతుంది. నీళ్లు ట్యూబులో ఉన్నంతకాలం రిమ్ముకు వచ్చిన నష్టం ఏమీ లేదు. ఒక సర్కారు తుమ్మ ముల్లు దిగి ట్యూబు సన్నగా ఊరడం మొదలుపెట్టిందంటే, ఆ తడి ట్యూబుకూ రిమ్ముకూ మధ్య చేరి అక్కడే నిలుస్తుంది. బయటికి చుక్క కూడా కనిపించకపోవచ్చు. వాల్వు పక్క నుంచి ఎర్రటి చార కిందికి దిగుతుంటే అదే మొదటి గుర్తు. బోరు నీళ్లు ఉప్పువైతే పని ఇంకా తొందరగా అయిపోతుంది.

యూట్యూబులో చూసి టైరు నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలిపేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. అది మంచు దేశాల పద్ధతి. అక్కడ టైరులో నీళ్లు గడ్డకట్టకుండా కలుపుతారు. అనంతపురం ఎండల్లో నీళ్లు గడ్డకట్టేది లేదు, ఆ ఉప్పు మాత్రం రిమ్మును తినేస్తుంది. కలపొద్దు.

రెండో దారి దమ్ము, అంటే వరి మడిని నీళ్లు పెట్టి బురదగా దున్నడం. కేసీ కాలువ కింద, తుంగభద్ర దిగువ కాలువ కింద వరి మడుల్లో తిరిగిన ట్రాక్టర్లకు రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య బురద దూరుతుంది. ఎండుతుంది, మళ్లీ తడుస్తుంది. ఈ తుప్పు వాల్వు దగ్గర కాకుండా టైరు బీడు (రిమ్ముకు ఆనుకునే టైరు గట్టి అంచు) కూర్చునే గట్టు మీద పడుతుంది. పొటాష్ ఎరువు చల్లే ట్రాక్టర్లకూ ఇదే బాధ, పొటాష్‌లో ఉన్నదీ క్లోరైడే.

మూడోది లగ్గుల దగ్గర. అంటే రిమ్ము లోపలి చుట్టుకు వెల్డింగ్ చేసి, డిస్కును (చక్రం మధ్య పలకను) బోల్టులతో పట్టే చెవులు. వాటి మూలల్లో మట్టి కూరుకుపోయి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

శుభ్రం చేశాకే బేరం

టైరు మీద ఉండగా పైపైన చూసి "చిన్న బొక్కే, ఒక రాడ్డు చాలు" అనేవాళ్ల మాట నమ్మొద్దు. టైరు, ట్యూబు రెండూ పూర్తిగా విప్పించి రిమ్మును నేల మీద పరచండి. చిన్న సుత్తితో చుట్టూ కొడుతూ రండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. ఆ చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కితే కొన్నిసార్లు అటువైపు వచ్చేస్తుంది. తర్వాత గ్రైండింగ్ మిషన్‌కు వైర్ కప్పు వేసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దించండి.

ఇప్పుడు సుద్దముక్క తీసుకోండి. చెక్కుచెదరని చోట రిమ్ము మందం వెర్నియర్‌తో కొలిచి, బొక్క చుట్టూ అందులో సగానికి తగ్గిన ఇనుమంతా బొక్క కిందే లెక్కేసి గీత గీయండి. వాల్వు పక్కన వేలు పట్టేంత బొక్క అనుకున్నది సుద్ద గీత గీసేసరికి అరచెయ్యంత అవుతుంది. వెల్డర్‌తో బేరం ఆడాల్సింది ఆ గీతను చూపించి. అలాంటి గీతలు ఒకటో రెండో ఉంటే దారి ఉంది. గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయి రిమ్ము చుట్టూ జల్లెడలా ఉంటే, ఏ వెల్డర్ ఎంత తక్కువకు చేస్తానన్నా వద్దు.

| తుప్పు పడిన చోటు | ఎం-సీల్ | వెల్డింగ్ అతుకు | రిమ్ము మార్చడం |
|---|---|---|---|
| వెనక రిమ్ము, వాల్వు చుట్టూ | కందిగింజంత బొక్కకు, ఈ సీజన్ వరకే | మంచి దారి ఇదే | అతుకు అరచెయ్యి దాటితే |
| వెనక రిమ్ము, మధ్య గాడిలో | చిన్న గుంటలకు | ఒకటి రెండు చోట్లయితే సరే | చుట్టూ ఉంటే తప్పదు |
| బీడు కూర్చునే గట్టు, అంచు | వద్దు | వద్దు | తప్పదు |
| లగ్గు వెల్డింగ్ దగ్గర పగులు | వద్దు | పనిమంతుడు దొరికితేనే | అనుమానం ఉంటే మార్చండి |
| ముందు చక్రం, ఏ చోటైనా | వద్దు | వద్దు | తప్పదు |
| ట్రాలీ చక్రం | వద్దు | వద్దు | తప్పదు |

గట్టుకూ అంచుకూ అతుకు ఎందుకు వద్దంటే, టైరును పట్టి ఉంచేది ఆ రెండే. అక్కడ వెల్డింగ్ గడ్డ ఎత్తుగా మిగిలితే బీడు సరిగా కూర్చోదు. గ్రైండ్ చేసి నునుపు చేస్తే అతుకు పలచబడుతుంది. ముందు చక్రం విరిగితే స్టీరింగ్ చేతిలో నిలవదు. పైగా చాలా ట్రాక్టర్లకు ముందు రిమ్ము, డిస్కు ఒకే ముక్కగా వస్తాయి, వెనక రిమ్ము కంటే చిన్నవి, ధరా తక్కువే. అక్కడ పొదుపు చేసి మిగిలేదేమీ లేదు. ట్రాలీ చక్రాలు రోడ్డు మీద బేతంచెర్ల బండలు, ఇసుక, ఇటుకలు మోస్తాయి. గాలి ఒత్తిడి కూడా పొలం టైరు కంటే ఎక్కువ. లాక్ రింగ్ ఉన్న రిమ్ములైతే గాలి పట్టేటప్పుడు రింగు ఎగిరి ప్రాణం తీస్తుంది. వాటికి వెల్డింగ్ ఊసే ఎత్తొద్దు.

ఎం-సీల్

దీన్ని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు, నేను చేయను. వాన పడింది, నేల పదును మీద ఉంది, శెనక్కాయ విత్తాలి. రెండు రోజులు చక్రం లేకపోతే పదును పోతుంది. అలాంటప్పుడు కందిగింజంత బొక్కకు ఎం-సీల్ అనే ఎపాక్సీ ముద్ద పెట్టి పని సాగించడంలో తప్పు లేదు. ట్యూబు టైరు కాబట్టి గాలిని ఆపే పని రిమ్ముకు లేదు, బొక్క పదును అంచు ట్యూబును కోయకుండా చూసుకుంటే చాలు.

ముద్ద పట్టాలంటే ఇనుము పొడిగా, గరుకుగా, జిడ్డు లేకుండా ఉండాలి. తుప్పు మీద పెడితే ఊడి ట్యూబు కింద రాయిలా దొర్లుతుంది. ప్యాకెట్ మీద రాసినంతసేపు గట్టిపడనిచ్చి, ఎమిరీ పేపర్‌తో నునుపు చేసి, పాత ట్యూబు నుంచి కోసిన పట్టీని పైన పరచండి. పట్టీ మడత పడకూడదు, ఆ మడతే ట్యూబును కొరుకుతుంది. ఇది ఇనుముకు బలం ఇవ్వదు. పంట పని అయ్యాక విప్పి సరిగా చేయించుకోవాల్సిందే.

వెల్డింగ్ అతుకు

ఎక్కువమంది చివరికి వచ్చేది ఇక్కడికే. మంచీ చెడూ కూడా ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

అన్నిటికంటే ముందు: టైరు రిమ్ము మీద ఉండగా వెల్డింగ్ చేయనివ్వొద్దు. గాలి తీసేశాం, వాల్వు పిన్ను తీసేశాం, ఇంకేం కాదు అంటారు. వేడికి లోపల రబ్బరు కాగి మండే వాయువులు పుడతాయి, పిన్ను లేకపోయినా టైరు పేలుతుంది. టైరు పక్కన పడి ఉన్నాకే రాడ్డు అంటించాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. రిమ్ములకు వెల్డింగ్ వద్దన్నదే తయారీదారుల మాట. పొలంలో తక్కువ గాలితో, తక్కువ వేగంతో తిరిగే వెనక చక్రానికి వాల్వు దగ్గర అతుకు వేయడం మాత్రం ఊరూరా జరిగే పనే. ఆ మేరకు నేను ఒప్పుకుంటాను, అంతకు మించి కాదు.

అతుకు రెండు రకాలు. బొక్క మీద పట్టీ పరిచి చుట్టూ కొట్టేయడం ఒకటి. సుద్ద గీత వెంట కోసేసి, అదే సైజు ముక్కను అందులో కూర్చోబెట్టి అంచుకు అంచు కలపడం రెండోది. మొదటిది అరగంట పని, అందుకే వెల్డర్లు దాన్నే ఇష్టపడతారు. దాంతో చిక్కేమిటంటే, రెండు రేకుల మధ్య సందు మిగులుతుంది, తడి అందులో చేరి మళ్లీ తింటుంది. పట్టీ లోపలివైపు వేస్తే దాని అంచు ట్యూబుకు గుచ్చుకుంటుంది. బయట వేస్తే లోపల గుంట మిగులుతుంది. రెండోది కూలి ఎక్కువ, సమయం ఎక్కువ, కానీ డబ్బులు పెట్టేటట్లయితే దానికే పెట్టండి.

ముక్క ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు కిటుకు. చదును రేకును సుత్తితో కొట్టి రిమ్ము వంపు తెప్పించడం కష్టం, వచ్చినా అంతంత మాత్రమే. గుజిరీ అంగట్లో అదే సైజు విరిగిన రిమ్ము తూకానికి దొరుకుతుంది. దాని వాల్వు భాగం బాగుంటే బొక్కతో సహా కోసుకుని రావచ్చు. వంపూ, గాడీ, మందమూ అన్నీ కుదిరిపోతాయి. చదును రేకే వాడాల్సి వస్తే మందం తగ్గనివ్వొద్దు, మూలలు గుండ్రంగా కోయించండి. మొన తేలిన మూల దగ్గరే పగులు పుడుతుంది.

వెల్డర్‌ను అడగాల్సినవి కొన్ని. 12 గేజి రాడ్డుతో ముందు నాలుగు చోట్ల చుక్కలు వేసి, ఒకచోట కొంచెం, ఎదురుగా కొంచెం, ఆగి ఆగి కొట్టమనండి. ఒకే ఊపులో చుట్టూ లాగితే వేడికి రిమ్ము మెలి తిరుగుతుంది. సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపయితే పలచటి ఇనుముకు ఇంకా మేలు. బయట కొట్టాక లోపల కూడా కొట్టించి, లోపలివైపు గడ్డను గ్రైండింగ్‌తో రిమ్ముకు సమం చేయించాలి. చేతి వేలు అతుకు మీద అడ్డంగా రాస్తే ఎక్కడా తగలకూడదు. వేలికి తగిలింది ట్యూబుకూ తగులుతుంది. వాల్వు బొక్క కొత్తగా వేస్తుంటే వాల్వును పక్కనే పెట్టుకుని సరిపోయేలా వేయించి, రెండువైపులా అంచు ఆకురాయితో గుండ్రం చేయించండి.

టైరు ఎక్కించేముందు ఉత్త రిమ్మును డిస్కుకు బిగించి, ట్రాక్టర్‌ను జాకీ మీద లేపి తిప్పి చూడండి. పక్కన ఇటుక మీద ఒక పుల్ల పెట్టి, దాని మొన రిమ్ము అంచుకు దగ్గరగా ఉంచితే వంకర ఎంతుందో తెలిసిపోతుంది. నల్లరేగడిలో అయితే జాకీ కింద మందమైన పలక వేయండి, లేకపోతే జాకీయే దిగిపోతుంది. రెండో వైపు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం, ఒంటరిగా ఈ పని చేయకపోవడం చెప్పనక్కర్లేదు.

పాత రిమ్ము

దొరికితే అతుకు కంటే ఇది మేలు. అతుకు కూలి, రంగు, ముక్క ధర అన్నీ కలిపి మంచి పాత రిమ్ము ధరలో సగం దాటుతుంటే నేనైతే పాత రిమ్ము వైపే పోతాను. వెనక చక్రంలో రిమ్ము వేరు, డిస్కు వేరు, బోల్టులు విప్పితే రిమ్ము ఒక్కటే మారుతుంది. అందువల్ల మొత్తం చక్రం కొనక్కర్లేదు.

సైజు కుదిరితే చాలదు. లగ్గులు ఎన్ని, వాటి బొక్కల మధ్య దూరం ఎంత, లగ్గు రిమ్ము మధ్యలో ఉందా ఒక పక్కకు ఉందా, ఇవన్నీ మీ డిస్కుకు కుదరాలి. పాతది పక్కన పెట్టి పోల్చుకోవడం ఉత్తమం, కుదరకపోతే ఫొటో, కొలతలు తీసుకెళ్లండి. కొత్తగా సిల్వర్ రంగు కొట్టి మెరుస్తున్న పాత రిమ్మును చూస్తే అనుమానం రావాలి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లి వాల్వు చుట్టూ, గట్టు మీద తిప్పండి. పట్టు తప్పిన చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టే. చదును గచ్చు మీద పరచి ఒకవైపు నొక్కండి, ఊగితే వంకర ఉంది. టేపుతో అడ్డంగా, నిలువుగా వ్యాసం కొలిస్తే సొట్ట కూడా బయటపడుతుంది.

కొత్త రిమ్ము

చెప్పడానికి పెద్దగా లేదు. టైరు సైజుకు తగిన రిమ్ము, డిస్కుకు కుదిరే లగ్గులు, బిల్లు. బ్రాండు లేని రిమ్ము చవగ్గా ఇస్తుంటే దాన్నీ, కంపెనీ రిమ్మునూ కాటా వేయించండి. తేడా ఇనుములోనే ఉంటుంది. కొత్తదే కదా అని అలాగే ఎక్కించకుండా లోపలివైపు ఒక పూత వేసుకోండి.

మీ పనిని బట్టి

అనంతపురం మెట్ట నేలల్లో ఏడాదికి కొన్ని వారాలే దున్ని, మిగతా రోజులు చెట్టు కింద నిలిపే ట్రాక్టర్ మీదైతే, వాల్వు దగ్గర తుప్పుకు మంచి అతుకు చాలా ఏళ్లు వస్తుంది. మీకు అసలు కావాల్సింది రెండో వైపు చక్రం కూడా విప్పి చూడడం. ఒకే రోజు నీళ్లు నింపిన రెండు టైర్లలో ఒకటే తుప్పు పట్టడం అరుదు.

కాలువ కింద దమ్ము చేసేవాళ్లకు లెక్క వేరు. ఇనుప చక్రాలు తగిలించి లోతు బురదలో తిప్పితే రిమ్ముకూ లగ్గులకూ పడే మెలి మెట్ట దుక్కి కంటే చాలా ఎక్కువ. గట్టు మీద తుప్పు మొదలైందంటే పాత రిమ్ము కోసం ఎండాకాలంలోనే తిరగడం మొదలుపెట్టండి. నాట్ల ముందు అందరికీ అదే కావాలి, అప్పుడు అడిగిన ధర ఇవ్వాల్సి వస్తుంది.

బాడుగకు తోలేవాళ్లకు ఒక రోజు ఆగితే ఒక రోజు సంపాదన పోతుంది. రోడ్డు మీద బరువుతో తిరుగుతారు కాబట్టి మీకు అతుకు ఎప్పుడూ లాభం కాదు. వెనక చక్రానికైనా పాతదో కొత్తదో మంచి రిమ్ము వేయించి, ఇంకో మంచి పాత రిమ్మును షెడ్డులో స్పేరుగా పెట్టుకుంటే రిమ్ము పోయిన రోజు కూడా బండి ఎక్కువసేపు ఆగదు.

ట్రాక్టర్‌ను అమ్మేసే ఆలోచనలో ఉంటే పుట్టీ పెట్టి రంగు కొట్టి దాచొద్దు. కొనేవాడు అయస్కాంతం తెచ్చుకోకపోయినా, మొదటి పంక్చర్‌కు బయటపడుతుంది. మన ఊళ్లల్లో అమ్మినవాడూ కొన్నవాడూ ఒకే సంతలో ఎదురుపడతారు. తుప్పు చూపించి ధర తగ్గించుకోవడమే మర్యాద.

రంగు, గాలి, నీళ్లు

ఏ దారి పట్టినా లోపలివైపు రంగు వేయకపోతే పని సగమే అయినట్టు. తుప్పు రుద్దిన రోజే, ఇనుము ఆరినట్టుండగా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన ఎనామిల్. జింక్ ప్రైమర్ లేదా ఎపాక్సీ ప్రైమర్ దొరికితే ఇంకా గట్టిది. మిట్టమధ్యాహ్నం ఎండలో కాలిన ఇనుము మీద కొడితే రంగు బుడగలు లేస్తుంది, పొద్దున్నే కొట్టండి. పూర్తిగా ఆరకముందే టైరు ఎక్కిస్తే టైరు లివర్ గీతకు పూత లేచిపోయి, ఆ గీతలోనే తుప్పు మొదలవుతుంది.

బీడు కూర్చోబెట్టేటప్పుడు సబ్బునీళ్లు రాసి, టైరు పక్కన రాసిన ఒత్తిడి దాటకుండా గాలి పట్టండి. వెనక ట్రాక్టర్ టైర్లకు మామూలుగా ఆ హద్దు 35 పీఎస్ఐ. బీడు కూర్చోకపోతే గాలి తీసేసి మళ్లీ సబ్బునీళ్లు రాసి ప్రయత్నించాలి గాని, ఇంకొంచెం, ఇంకొంచెం అని పెంచకూడదు. కూర్చున్నాక పొలం పనికి తగినంతకు తగ్గించుకోవాలి.

మళ్లీ నీళ్లు నింపాలా? నింపితే కొత్త ట్యూబుతో, ఉప్పు తక్కువున్న నీళ్లతో నింపండి. అతుకు వేసిన రిమ్ము అయితే నీళ్లకు బదులు చక్రానికి బిగించే ఇనుప బరువులు కొనడం నాకు నచ్చుతుంది. ఖర్చు ఒకసారే, కుదిరితే విప్పి రెండో ట్రాక్టర్‌కు కూడా వేసుకోవచ్చు, ట్యూబు ఊరినా రిమ్ము తడవదు.

చక్రం ఎక్కించాక మొదటి రోజు దుక్కి మధ్యలో ఒకసారి ఆపి నట్లు మళ్లీ బిగించండి, కొత్త రంగు నలిగి అవి కొంచెం వదులవుతాయి. వారం తర్వాత వాల్వు చుట్టూ, అతుకు అంచుల వెంట గుడ్డతో తుడిచి చూడండి. సన్నటి గీతలా ఎరుపు కనిపిస్తే అక్కడ వెల్డింగ్ పగిలింది, ఆ చక్రాన్ని మళ్లీ విప్పాల్సిందే.